చదవడం నేర్పే లెక్చరర్లు ఎక్కడ తయారవుతున్నారు?

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డుకు రెండు వైపులా ఉన్న బోర్డులు చూసుకుంటూ నడిస్తే, ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న పిల్లలకు ఈ రాష్ట్రంలో ఏమేం నేర్పుతున్నారో దాదాపు మొత్తం తెలిసిపోతుంది. గ్రూప్స్, ఎస్సై, కానిస్టేబుల్, బ్యాంకు పరీక్షలు, డీఎస్సీ, నీట్, జావా, పైథాన్, స్పోకెన్ ఇంగ్లిష్. సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే ఇంజనీరింగ్ కాలేజీల బస్సులు, హయత్‌నగర్ వైపు వెళ్తే జూనియర్, డిగ్రీ కాలేజీలు. ఇంత చదువు జరిగే చోట, కాలేజీలో చేరిన విద్యార్థికి పాఠ్యపుస్తకాన్ని సొంతంగా చదువుకోవడం నేర్పాల్సింది ఎవరన్న ప్రశ్నకు జవాబు దొరకదు. ఇంగ్లిష్ లెక్చరర్‌ని అడిగితే అది బడిలోనే జరిగిపోవాల్సిన పని అంటారు. ఫిజిక్స్ లెక్చరర్‌ని అడిగితే అది ఇంగ్లిష్ వాళ్లు చూసుకోవాలంటారు. యాజమాన్యం సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడుగుతుంది.

చదవడం అంటే ఇక్కడ అక్షరాలు కూడబలుక్కోవడం గురించి మాట్లాడటం లేదు. ఒక పేజీ తెరిచి, అందులో రచయిత ఏం చెబుతున్నాడో, ఏది అసలు మాట, ఏది ఉదాహరణ, తనకు ఎక్కడ అర్థం కాలేదో విద్యార్థి తానే పట్టుకోగలగడం. ఇది రాకపోతే బీటెక్ మొదటి ఏడాదిలో బ్యాక్‌లాగ్‌లు పడతాయి, డిగ్రీ మధ్యలో ఆగిపోతుంది, పోటీ పరీక్షలో ప్రశ్న అర్థం కాక తెలిసిన జవాబు తప్పిపోతుంది. మరి దీన్ని నేర్పాల్సిన అధ్యాపకుడికి ఎవరు నేర్పారు? అరవై ఏళ్లకు పైగా ఈ నగరంలో అధ్యాపక శిక్షణ పేరుతో జరిగినదాన్ని, జరగనిదాన్ని ఈ తూర్పు కొస నుంచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు తరగతి గదిలో ఎవరున్నారో చూడాలి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి వచ్చే బస్సులు నగరంలోకి వచ్చేది ఎల్బీనగర్ మీదుగానే. దేవరకొండ, మాల్, యాచారం వైపు నుంచి వచ్చేవాళ్లు సాగర్ రింగ్ రోడ్డు దగ్గర దిగుతారు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక చైతన్యపురి, కొత్తపేట, గడ్డిఅన్నారం హాస్టళ్లలో ఉండి చదువుకోవడం మరింత సులువైంది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు వల్ల ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కని కుటుంబాల పిల్లలు ఇంజనీరింగ్ దాకా వచ్చారు. ఇది మన సమాజంలో జరిగిన పెద్ద మంచి. ఈ పిల్లలు ‘స్థాయి లేనివాళ్లు’ అని స్టాఫ్ రూముల్లో వినిపించే మాట నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. వాళ్లను పిలిచి సీటిచ్చింది మనం. వచ్చాక వాళ్లకు చదువు చెప్పే తీరు మార్చుకోనిది కూడా మనమే.

వాళ్లంతా ఒకే రకం కూడా కాదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో ఎంపీసీ ఇంగ్లిష్ మీడియంలోకి ఒక్కసారిగా మారినవాళ్లు ఒకరు. ఎల్‌కేజీ నుంచీ చిన్న ప్రైవేటు స్కూల్లో ఇంగ్లిష్ మీడియం అనిపించుకుని, ప్రశ్నలూ జవాబులూ బైహార్ట్ చేసి ఇటు తెలుగూ అటు ఇంగ్లిషూ అరకొరగా వచ్చినవాళ్లు ఇంకొకరు. ఈ రెండో రకం నానాటికీ పెరుగుతోంది. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లోనూ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది కాబట్టి ఇకముందు కాలేజీకి వచ్చే పిల్లల్లో తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం అన్న తేడా పేరుకే మిగులుతుంది. పైగా ఇంటర్‌లో మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకునే అలవాటు ఉంది. దాంతో పదహారేళ్లకే తెలుగు పేజీ చదవడం ఆగిపోతుంది. ఏ ఒక్క భాషలోనైనా నాలుగు పేజీలు ఏకబిగిన చదివి ఇందులో ఉన్నది ఇదీ అని చెప్పగలగడం ఈ పిల్లల్లో చాలామందికి ఎప్పుడూ ఎవరూ నేర్పలేదు.

2023లో ప్రథమ్ సంస్థ వారి ‘అసర్’ సర్వే 28 గ్రామీణ జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల వారిని పరీక్షించింది. దాదాపు పాతిక శాతం మంది తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి పాఠాన్ని కూడా తడబడకుండా చదవలేకపోయారు. ఇంగ్లిష్ వాక్యాలు చదవగలిగినవాళ్లు 57.3 శాతం. అలా చదివినవాళ్లలోనూ నాలుగో వంతు మందికి పైగా తాము చదివిన వాక్యానికి అర్థం చెప్పలేకపోయారు. అది దేశంలో వేర్వేరు జిల్లాల లెక్క. అయినా ఎల్బీనగర్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం పాఠం చెప్పే ఏ లెక్చరర్‌కీ ఇది కొత్తగా అనిపించదు.

ఇప్పుడు బల్లకు ఇటువైపు. మన దగ్గర ఒకటో తరగతికి చెప్పాలంటే డీఎడ్ చేయాలి, టెట్ రాయాలి. హైస్కూల్లో చెప్పాలంటే బీఎడ్ కావాలి. జూనియర్ కాలేజీకి మాత్రం పీజీ ఉంటే చాలు. డిగ్రీ కాలేజీకి పీజీలో 55 శాతం, దానిమీద నెట్ లేదా సెట్, లేకపోతే పీహెచ్‌డీ. 1989లో మొదలైన నెట్ పరీక్షలో మొదటి పేపర్‌లో బోధన మీద కొన్ని బిట్లు వస్తాయి. అంతే. పద్దెనిమిదేళ్ల మనిషికి పాఠం చెప్పడానికి శిక్షణ అక్కర్లేదని, విషయం తెలిస్తే చెప్పడం దానంతట అదే వస్తుందని ఈ వ్యవస్థ నమ్మకం. ఎంఏలో షేక్‌స్పియర్, మిల్టన్, కొంచెం సాహిత్య విమర్శ చదివిన ఇరవై నాలుగేళ్ల అమ్మాయి జూన్ నెలలో ఒక జూనియర్ కాలేజీలో చేరుతుంది. ఎదురుగా ఎనభై మంది. పాఠం తెరిచి చదివి, ప్రతి వాక్యానికీ తెలుగులో అర్థం చెప్పి, ముఖ్యమైన జవాబులు బోర్డు మీద రాయిస్తుంది. తనకు తన లెక్చరర్లు అలాగే చెప్పారు. ఆమెకు ఇంకో దారి చూపించినవాళ్లు లేరు.

హైదరాబాద్ నగరానికి ఈ విషయంలో కొరత రావాల్సిన పని లేదు. దేశంలో ఇంగ్లిష్ బోధనకు శిక్షణ ఇచ్చే సంస్థ 1958లో ఇక్కడే పుట్టింది. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ అప్పటి పేరు. కన్నడ కవి వి.కె. గోకాక్ దానికి డైరెక్టర్‌గా పనిచేశారు. 1972లో విదేశీ భాషలు కూడా చేరి అది సీఫెల్ అయింది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై ఇఫ్లూ అయింది. దేశం నలుమూలల నుంచి లెక్చరర్లు అక్కడికి వచ్చి డిప్లొమాలు చేసి వెళ్లారు. తార్నాకలోని ఆ క్యాంపస్‌కీ ఎల్బీనగర్‌కీ మధ్య నాగోల్, హబ్సిగూడ మీదుగా ముప్పావు గంట ప్రయాణం. ఆ సంస్థకు మొదటి నుంచీ పెద్ద పేరు ఉచ్చారణ శాస్త్రంలో వచ్చింది. ఆర్.కె. బన్సల్ లాంటివాళ్లు భారతీయుల ఇంగ్లిష్ ఎదుటివారికి ఎంతవరకు అర్థమవుతుందో 1960లలో పరిశోధించారు. అది విలువైన పని. కానీ తెలుగు రాష్ట్రాల్లో ఇంగ్లిష్ శిక్షణ అంటే నోటి మాట, యాస, గ్రూప్ డిస్కషన్ అన్న ఊహ గట్టిపడిపోయింది. ఉద్యోగాల మార్కెట్ కూడా అదే అడిగింది.

రెండో ఏర్పాటు 1986 జాతీయ విద్యా విధానం తర్వాత వచ్చింది. యూజీసీ 1987 నుంచి విశ్వవిద్యాలయాల్లో అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. వాటినే తర్వాత మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలన్నారు, 2023లో మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాలుగా మార్చారు. ఉస్మానియాలో ఉంది, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉంది, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం (మనూ)లో ఉంది, జేఎన్‌టీయూలో ఉంది. ఇన్ని కేంద్రాలున్న నగరాలు దేశంలో ఎక్కువ లేవు. అక్కడ ఓరియెంటేషన్, రిఫ్రెషర్ కోర్సులు జరుగుతాయి. వీటిలో మంచి ఉపన్యాసాలు ఉంటాయి, వేరే ఊళ్ల లెక్చరర్లతో పరిచయాలు అవుతాయి. కానీ మొత్తం వ్యవస్థ ప్రమోషన్‌కు ముడిపడి ఉంది. ఒక స్కేలు నుంచి పై స్కేలుకు వెళ్లడానికి సర్టిఫికెట్ కావాలి కాబట్టి కోర్సుకు వెళ్తారు. రోజుల తరబడి కూర్చుని విన్నాక కాలేజీకి తిరిగొచ్చి తరగతిలో ఏం మార్చారని అడిగేవాళ్లు లేరు. ఇంగ్లిష్ రిఫ్రెషర్‌లో ఎక్కువగా సాహిత్య సిద్ధాంతాలే ఉంటాయి. ఒక విద్యార్థి పేరా చదవలేక ఎక్కడ ఆగిపోతున్నాడన్నది వాటిలో చర్చకు రాదు.

ఇంతకన్నా పెద్ద లోపం ఇంకోటి ఉంది. ప్రమోషన్ ఉన్నవాళ్లకే ఈ శిక్షణ. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ తరగతి గదుల్లో పాఠం చెప్పేవాళ్లలో ఎక్కువమంది ప్రైవేటు కాలేజీల లెక్చరర్లు, గెస్టు లెక్చరర్లు, గంటకింత అని తీసుకునేవాళ్లు. ప్రభుత్వ కాలేజీలు కూడా చాలాకాలం కాంట్రాక్టు మీదే నడిచాయి. తెలంగాణ ఏర్పడ్డాక ప్రభుత్వ జూనియర్ కాలేజీల లెక్చరర్ పోస్టులకు పెద్ద నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది, 1,392 పోస్టులకు. 2023 ఏప్రిల్ చివర్లో ప్రభుత్వం ఐదున్నర వేలమంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించినప్పుడు వారిలో సగానికి పైగా జూనియర్ లెక్చరర్లే. అంటే పది పదిహేనేళ్లు పాఠాలు చెప్పి, ఆ తర్వాత ‘రెగ్యులర్’ అయిన మనుషులు వాళ్లు. వాళ్ల పని నేర్చుకునే వయసంతా ఏ శిక్షణ లెక్కలోకీ రాకుండా గడిచిపోయింది.

ప్రైవేటు లెక్చరర్ పరిస్థితి చెప్పక్కర్లేదు. మార్చి నుంచి జూన్ దాకా, పరీక్షలయ్యాక, ఎక్కడైనా అధ్యాపకులు కొత్తగా ఏదైనా నేర్చుకునే కాలం. మన దగ్గర చాలా కాలేజీల్లో అది అడ్మిషన్ల కాలం. పదో తరగతి పిల్లల ఫోన్ నంబర్లు పట్టుకుని ఇళ్ల చుట్టూ తిరగాలి, ఇన్ని సీట్లు తేవాలని టార్గెట్ ఉంటుంది. ఎండలో వనస్థలిపురం, హస్తినాపురం కాలనీల్లో బ్రోచర్లు పట్టుకుని తిరిగే ఎంఎస్సీ ఫస్ట్ క్లాస్ వాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ నెలల్లో రెండు వారాలు వాళ్ల వృత్తికి వాళ్లను వదిలేస్తే ఎంత మేలు జరిగేదో! ఈ ఏడాది ఇక్కడున్నవాళ్లు వచ్చే ఏడాది పక్క కాలేజీకి పోతారు, వాళ్ల మీద ఎందుకు ఖర్చు పెట్టాలని యాజమాన్యాలు అడుగుతాయి. పక్క కాలేజీ నుంచి మన దగ్గరికి వచ్చేవాళ్లు కూడా ఏమీ నేర్చుకోకుండానే వస్తారని ఆ లెక్కలో మరిచిపోతాయి.

సిలబస్‌లో చదవడం లేదా అంటే, ఉంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ బీటెక్ మొదటి సంవత్సరం ఇంగ్లిష్ సిలబస్‌లో స్కిమ్మింగ్, స్కానింగ్, ఇంటెన్సివ్ రీడింగ్, ఎక్స్‌టెన్సివ్ రీడింగ్ అన్నీ యూనిట్ల వారీగా ఉన్నాయి. జరుగుతున్నదేమిటంటే, స్కిమ్మింగ్ అంటే ఏమిటో నిర్వచించండి, స్కానింగ్‌కూ దానికీ తేడా రాయండి అని రన్నింగ్ నోట్స్ చెప్పి రాయిస్తారు. విద్యార్థి ఆ జవాబు కంఠతా పట్టి మార్కులు తెచ్చుకుంటాడు. ఒక్క పేజీ మీద కూడా ఆ పని చేసి చూడడు. లెక్చరర్‌ని తప్పు పట్టలేం. ఆయనకూ అది నిర్వచనంగానే తెలుసు. ఎస్‌క్యూ3ఆర్ అనే చదువు పద్ధతి స్టడీ స్కిల్స్ పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సిస్ రాబిన్సన్ దాన్ని 1940లలో రూపొందించినప్పుడు అది విద్యార్థి చేతిలో పుస్తకం పెట్టి చేయించాల్సిన పని. ముందు పైపైన చూడాలి, ప్రశ్నలు వేసుకోవాలి, చదవాలి, పుస్తకం మూసి తనకు తాను చెప్పుకోవాలి, మళ్లీ చూసుకోవాలి. మన దగ్గర అది అయిదు మార్కుల ప్రశ్నగా మారిపోయింది.

ఇంటర్‌లో 2023-24 నుంచి మొదటి సంవత్సరం ఇంగ్లిష్‌కు ఇరవై మార్కుల ప్రాక్టికల్స్ పెట్టారు. పిల్లలు నోరు విప్పి మాట్లాడటానికి అది మంచిదే. కానీ అక్కడా కళ్లు నోటి మాట మీదే. 1920లలో ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్ బెంగాలీ విద్యార్థులను గమనించి, ఈ దేశపు పిల్లల్లో ఎక్కువమందికి ముందుగా కావాల్సింది ఇంగ్లిష్ చదవగలగడమని, మాట్లాడటం తర్వాతని 1926లో వెలువడిన తన పుస్తకంలో వాదించాడు. మాట్లాడటం అక్కర్లేదన్నంత దూరం మనం వెళ్లక్కర్లేదు. అయినా బడి మధ్యలో మానేసినా చదవడం వచ్చినవాడికి ఆ భాష చేతిలో మిగులుతుందన్న వెస్ట్ వాదం ఇప్పటికీ బలమైనదే. దిల్‌సుఖ్‌నగర్‌లో మూడు నెలల స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు చేసి, ఆఫీసులో వచ్చిన ఒకటిన్నర పేజీ ఉత్తరం అర్థం చేసుకోలేని గ్రాడ్యుయేట్లు ఎందరో.

కాలేజీలో చదవడం నేర్పాల్సి రావడం మన ఒక్కరి సమస్య కాదు. అమెరికాలో దీనికి ప్రత్యేక వృత్తే ఉంది. కాలేజీ రీడింగ్ నేర్పేవాళ్ల సంఘం అక్కడ 1967లో మొదలైంది. 1980 నుంచి నార్త్ కరోలినాలోని అపలాచియన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో కెలాగ్ ఇన్‌స్టిట్యూట్ అనే వేసవి శిక్షణ నడిచింది. వెనకబడిన విద్యార్థులకు చెప్పే అధ్యాపకులు అక్కడ కొన్ని వారాలు ఉండి నేర్చుకుని, తిరిగి వెళ్లాక తమ కాలేజీలో ఒక మార్పు చేసి చూపించాలి. మన రిఫ్రెషర్ కోర్సులకు లేనిది సరిగ్గా ఆ రెండో సగం.

అయితే అక్కడి కథలో మనకు అన్నిటికన్నా పనికొచ్చే మనిషి మీనా షానెస్సీ. న్యూయార్క్ సిటీ విశ్వవిద్యాలయం 1970లో హైస్కూల్ పాసైన వారందరికీ తలుపులు తెరిచింది. మన ఫీజు రీయింబర్స్‌మెంటు తర్వాత జరిగినట్టే, అప్పటిదాకా కాలేజీ మొహం చూడని కుటుంబాల పిల్లలు వేలల్లో వచ్చారు. వాళ్ల రాతలు చూసి ప్రొఫెసర్లు తలలు పట్టుకున్నారు. అక్కడ రాయడం నేర్పే షానెస్సీ, వాళ్లు చేరినప్పుడు రాసిన స్థాయి పరీక్ష వ్యాసాలు నాలుగు వేల దాకా ముందు పెట్టుకుని కూర్చుంది. ప్రతి తప్పు వెనకా ఒక తర్కం ఉందని, విద్యార్థి తనకు తెలిసినదాన్ని బట్టి ఒక నియమం ఊహించుకుని దాని ప్రకారం రాస్తున్నాడని చూపించింది. 1977లో వచ్చిన ఆమె పుస్తకం పేరు ‘ఎర్రర్స్ అండ్ ఎక్స్‌పెక్టేషన్స్’. దానికి ఒక ఏడాది ముందు రాసిన చిన్న వ్యాసంలో ఆమె చూపును అధ్యాపకుల వైపు తిప్పింది. మొదట అధ్యాపకుడు కాలేజీ ప్రమాణాలను ఈ కొత్తవాళ్ల నుంచి కాపాడాలనుకుంటాడు. తర్వాత తనకున్నదంతా వాళ్లలో నింపేయాలనుకుంటాడు. ఆ తర్వాత వాళ్లు ఎందుకిలా చేస్తున్నారని గమనించడం మొదలుపెడతాడు. చివరికి తానే విద్యార్థి అయి, వాళ్ల గురించి, తన విషయం గురించి మళ్లీ నేర్చుకోవడానికి దిగుతాడు. ఎదగాల్సింది విద్యార్థి ఒక్కడే కాదని చెప్పిన ఆమె 1978లో, తన పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే చనిపోయింది.

అక్కడి అనుభవంలో మనం తప్పించుకోవాల్సినదీ ఉంది. వెనకబడినవాళ్లని వేరే తరగతుల్లో పెట్టి, సెమిస్టర్ల తరబడి అసలు డిగ్రీ లెక్కకు రాని కోర్సులు చదివించారు. చాలామంది ఆ తరగతుల్లోనే విసిగి చదువు మానేశారు. అందుకే ఫ్లోరిడా 2013లో, కాలిఫోర్నియా 2017లో చట్టాలు చేసి ఆ కోర్సుల బలవంతాన్ని తగ్గించాయి. ఇప్పుడు అసలు కోర్సులోనే కూర్చోబెట్టి పక్కన అదనపు సాయం ఇచ్చే పద్ధతి నడుస్తోంది. మన కాలేజీల్లో మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టే అలవాటు ఉంది. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైళ్ల కోసం ‘స్లో లర్నర్స్’ జాబితాలు తయారు చేస్తారు. జాబితా ఉంటుంది, ఫొటో ఉంటుంది, హాజరు పట్టిక ఉంటుంది. ఆ గంటలో జరిగింది ఏమిటంటే వచ్చే పరీక్షలో రాబోయే ప్రశ్నలు మళ్లీ చెప్పడం. ఇలాంటి తరగతులు ఎన్ని పెంచినా ఉపయోగం లేదని నా అభిప్రాయం.

మరి శిక్షణలో ఏముండాలి? ఒక చిన్న ఉదాహరణ తీసుకుంటాను. ‘తీగలో ప్రవహించే విద్యుత్తు’ అంటాం మనం. విద్యుత్తు ఎలాంటిదో చెప్పే మాటలన్నీ ముందు వచ్చి, అసలు మాట చివర వస్తుంది. ఇంగ్లిష్‌లో ‘ది కరెంట్ ఫ్లోయింగ్ త్రూ ది వైర్’. అసలు మాట ముందొచ్చి, వివరణ వెనక తోకలా సాగుతుంది. ఫిజిక్స్ పుస్తకంలో ఆ తోక రెండు లైన్లు ఉంటుంది, ఆ తర్వాత ఎక్కడో క్రియ వస్తుంది. తెలుగు పిల్లవాడు మాట మాటకూ తెలుగు చేసుకుంటూ వెళ్లి, క్రియ దగ్గరికి చేరేసరికి కర్త ఎవరో మరిచిపోతాడు. ‘అన్‌లెస్’ అన్న మాట దగ్గర ఇంకో చిక్కు. అందులో ‘కాకపోతే’ దాగి ఉందని తెలియక ‘అయితే’ అని చదివి వాక్యాన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటాడు. ఎకనామిక్స్, కామర్స్ పుస్తకాల్లో ఇది రోజూ జరిగేదే. ఈ రెండు సంగతులు తెలిసిన లెక్చరర్ వాక్యంలో కర్త, క్రియ కింద గీత గీయించి, మధ్య ఉన్నది బ్రాకెట్లో పెట్టించి, తర్వాత కలిపి చదివిస్తాడు. అయిదు నిమిషాల పని. తెలియని లెక్చరర్ వాక్యం మొత్తానికీ తెలుగులో అర్థం చెప్పేస్తాడు, పిల్లవాడు ఊపిరి పీల్చుకుంటాడు, వచ్చే పేజీలో మళ్లీ అక్కడే ఆగిపోతాడు.

ఇది ఇంగ్లిష్ లెక్చరర్ ఒక్కరి పని కాదనడానికి కూడా ఇదే ఉదాహరణ చాలు. ఫిజిక్స్ పేరా ఎలా చదవాలో ఫిజిక్స్ తెలిసినవాళ్లే చూపించగలరు. కాలిఫోర్నియాలోని వెస్ట్‌ఎడ్ సంస్థ 1990ల నుంచి ‘రీడింగ్ అప్రెంటిస్‌షిప్’ పేరుతో చేస్తున్న శిక్షణకు ఆధారం ఇదే. లెక్చరర్ ఒక కొత్త పేజీ పిల్లల ముందు పైకి చదువుతూ, ఇక్కడ నాకు అర్థం కాలేదు, వెనక్కి వెళ్తున్నాను, ఈ బొమ్మ చూస్తున్నాను, ఈ గుర్తు అంటే ఫలానా కదా అని తన ఆలోచన బయటికి చెబుతాడు. పనితనం ఉన్నవాడి పక్కన కూర్చుని పని నేర్చుకోవడమన్న మాట. దీనికి లెక్చరర్ తాను కూడా తెలియనిది చదివి చూపించే ధైర్యం చేయాలి. గైడ్లు, ఆల్ ఇన్ వన్‌లు చదివి పీజీ దాటిన తరం మనలో ఉంది. వాళ్లకు ఇది మొదట్లో కష్టం, అందుకే తోడు కావాలి.

తెలుగులో చదివే పిల్లల్నీ మరవకూడదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్, డిగ్రీ పుస్తకాలను తెలుగులోకి తెచ్చి లక్షల మందికి ఉన్నత విద్య అందించింది. కానీ ఆ పుస్తకాల్లోని పొడవైన సమాసాలు, కొత్త పారిభాషిక పదాలు చదవడం కూడా నేర్పాల్సిన విద్యే. 1906లో స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్ పుస్తకాల తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పే గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నను పట్టుకుని జీవితమంతా పోరాడారు. వ్యావహారిక భాషోద్యమం అలా ఒక బోధనా సమస్య నుంచే మొదలైంది. తన తరగతిలో పిల్లలకు ఏది అడ్డుపడుతోందో గమనించిన పంతులు ఒక భాష దారినే మార్చిన చరిత్ర మనది.

ఇక చూడాల్సింది ఎక్కడ మొదలుపెట్టాలన్నది. చోట్లు మన దగ్గర ఇప్పటికే ఉన్నాయి. మొదటిది స్టడీ అవర్. ఈ ప్రాంతంలోని రెసిడెన్షియల్, సెమీ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో పిల్లలు రోజూ గంటల తరబడి పుస్తకాలు ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఒకరు అటూ ఇటూ తిరుగుతూ నిద్రపోకుండా, మాట్లాడకుండా చూస్తారు. పిల్లలు పైకి గొణుక్కుంటూ బైహార్ట్ చేస్తుంటారు. రోజులో చదవడం జరిగే సమయమంతా అదే, అందులో చదవడం నేర్పడం మాత్రం సున్నా. ఆ తిరిగే లెక్చరర్ ఒక పిల్లవాడి పక్కన కూర్చుని ‘ఈ పేరా చదివి పుస్తకం మూసి నాకు చెప్పు నాన్నా’ అని అడిగితే, పిల్లవాడు ఎక్కడ తప్పుతున్నాడో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. పరీక్షలు చెప్పలేనిది అక్కడ బయటపడుతుంది.

రెండోది శనివారాలు. మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో దారిలో, మెట్రో దిగాక హయత్‌నగర్, ఇబ్రహీంపట్నం దాకా ఉన్న కాలేజీల నుంచి పదిమంది లెక్చరర్లు, ప్రైవేటు, ప్రభుత్వం, గెస్టు అన్న తేడా లేకుండా, పదిహేను రోజులకోసారి కలవొచ్చు. ప్రతి ఒక్కరూ తమ తరగతిలో పిల్లలు తప్పుగా చదివిన ఒక పేరా తేవాలి. ఉపన్యాసం వద్దు, పవర్‌పాయింట్ వద్దు. ఇఫ్లూలో ఇంగ్లిష్ బోధన చదివే పీజీ విద్యార్థులకు కూడా ఇలాంటి చోటే కావాలి, వాళ్లకు నిజమైన తరగతి గది దొరుకుతుంది. మాలవీయ కేంద్రాలు ఈ సమావేశాల గంటలను శిక్షణగా లెక్కించి సర్టిఫికెట్ ఇవ్వాలి. గెస్టు లెక్చరర్‌కు కూడా ఇవ్వాలి. రేపు ఇంటర్వ్యూలో అది చూపించుకునే వీలు ఉంటే ఎవరూ బలవంతం చేయక్కర్లేదు.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇప్పటిదాకా ఎవరూ పట్టించుకోనిది. ఇంటర్ పరీక్షలయ్యాక జరిగే స్పాట్ వాల్యుయేషన్. ప్రభుత్వ, ప్రైవేటు లెక్చరర్లు, అన్ని సబ్జెక్టుల వాళ్లు, ఒకే చోట రోజుల తరబడి కూర్చుని లక్షల జవాబు పత్రాలు దిద్దుతారు. రాష్ట్రంలో జూనియర్ కాలేజీల అధ్యాపకులు విద్యార్థుల రాతను ఎదురుగా పెట్టుకుని కలిసే సందర్భం అదొక్కటే. ప్రశ్నను తప్పుగా చదివి పేజీ నిండా వేరే జవాబు రాసిన పేపర్లు ప్రతి కట్టలోనూ ఉంటాయి. సున్నా వేసి పక్కన పెట్టేస్తారు. ఆ సున్నాల వెనక ఏముందో షానెస్సీ తన నాలుగు వేల పత్రాల్లో వెతికింది. మనం ప్రతి ఏటా అంతకు ఎన్నో రెట్లు దిద్ది, ఏమీ నేర్చుకోకుండా ఇళ్లకు వెళ్తున్నాం.

క్యాంపు చివరి రోజున అరపూట కేటాయించాలి. నంబర్లు, పేర్లు తీసేసిన యాభై జవాబులు సబ్జెక్టు వారీగా లెక్చరర్ల ముందు పెట్టి, పిల్లవాడు ప్రశ్నలో ఏ మాట దగ్గర తప్పాడు, పాఠంలో ఏ వాక్యం తప్పుగా అర్థమైంది, జూన్‌లో తరగతిలో దీన్ని ఎలా చెప్పాలి అని మాట్లాడుకోనివ్వాలి. తేలిన విషయాలు నాలుగు పేజీల్లో రాసి అన్ని జూనియర్ కాలేజీలకూ పంపాలి. దీనికి కొత్త సంస్థ, కొత్త పథకం, పెద్ద బడ్జెట్ ఏవీ అక్కర్లేదు. అరపూట భత్యం అదనంగా ఇచ్చి, ప్రైవేటు యాజమాన్యాలు తమవాళ్లను ఆ పూట కూడా రిలీవ్ చేయాలని ఇంటర్ బోర్డు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. వచ్చే స్పాట్ నుంచే అది మొదలుపెట్టాలని బోర్డునూ, అడగమని లెక్చరర్ల సంఘాలనూ కోరుతున్నాను.